దిగుడులో వెలిగిన ఎర్ర లైటు

నాకు భయం ఎక్కువ. ఈ సంగతి మా ఆయన పెళ్లయిన మొదటి నెలలోనే కనిపెట్టి చుట్టాలందరికీ చాటింపు వేశాడు. తేలంటే భయం, ఉరుమంటే భయం, చివరికి కుక్కర్ కూతంటే కూడా భయం అని చెప్పి అందరినీ నవ్వించేవాడు. కుక్కర్ సంగతి కల్పించాడు. మిగతావి నిజమే. అలాంటి నేను మణుగూరు నుంచి పినపాక దాటి, అడవి అంచున ఉన్న ఒక చిన్న ఊరి బడికి రోజూ కారు నడుపుకుంటూ వెళ్లి వచ్చానంటే, అది ధైర్యం వచ్చి కాదు, బస్సు రాక.

రెండు వేల సంవత్సరం దాటి నాలుగైదేళ్లు అయి ఉంటుంది. ఆ దారిలో పొద్దున ఒకటే బస్సు. అది వస్తే వచ్చినట్టు, లేకపోతే లేదు. ఆలస్యంగా వెళ్లి హెడ్మాస్టరు గారి ముందు తలొంచుకుని సంతకం పెట్టడం నాకు చచ్చేంత సిగ్గుగా ఉండేది. మా ఆయన బొగ్గు గనిలో ఎలక్ట్రీషియన్. షిఫ్టులు మారుతుంటాయి కాబట్టి నన్ను దింపి రావడం ఆయనకు కుదరదు. పాపకు అప్పుడు ఆరేళ్లు. ఇంట్లో చూసేవాళ్లు లేక దాన్ని నా బళ్లోనే చేర్పించాను. తల్లీకూతుళ్లం రోడ్డు మీద నిలబడి నిలబడి విసిగిపోతుంటే, బదిలీ మీద ఊరు వదిలి వెళ్తున్న ఒకాయన దగ్గర మా ఆయన ఒక పాత తెల్ల కారు కొన్నాడు. నడపడం నేర్పిందీ ఆయనే. నేర్పినన్ని రోజులూ తిట్టాడు. నేనూ ఊరుకోలేదు.

పినపాక దాటాక తారు రోడ్డు వదిలేసి ఎర్రమట్టి దారి పట్టాలి. కొంత దూరం పోయాక ఒక వాగు. దాని మీద వంతెన లేదు, చప్టా ఉంది. చప్టా అంటే వాగుకు అడ్డంగా పోసిన సిమెంటు దారి, వానాకాలం నీళ్లు దాని పైనుంచే పోతాయి. పక్కన పట్టుకోవడానికి గోడ గానీ కమ్మీ గానీ ఉండదు. చప్టా దాటగానే గుట్ట ఎక్కాలి, గుట్ట దాటితే ఊరు. పొద్దున వెళ్లేటప్పుడు ఈ వైపంతా ఎక్కుడే, ఊరి వైపు దిగుడు చిన్నది కాబట్టి బాధ లేదు. సాయంత్రం వచ్చేటప్పుడు మాత్రం గుట్ట నెత్తి నుంచి వాగు దాకా ఒకటే దిగుడు. ఒక పక్క బండలు, ఇంకో పక్క లోయ అనలేం గానీ, పడితే లేచే లోతు కాదు. దిగుడు చివర ఒక మలుపు, మలుపు తిరగ్గానే చప్టా. వెనక సీట్లో పాప బడి అలసటకు నిద్రపోయి ఉండేది. నేను స్టీరింగుని మోకుతాడులా పట్టుకుని దిగేదాన్ని.

కార్తీకం వెళ్లిన కొత్తల్లో ఒక సాయంత్రం ఆ దిగుడులో, స్పీడు ముల్లు కింద ఎర్రగా ఒక లైటు వెలిగింది. గుండ్రటి గీత, మధ్యలో ఆశ్చర్యార్థకం గుర్తు. పిల్లలకు ఆ గుర్తు బోర్డు మీద వేసి, ఆశ్చర్యం కలిగినా సంతోషం కలిగినా భయం వేసినా ఇది పెట్టాలి అని చెప్పేదాన్ని. అప్పుడు వెలిగింది సంతోషానికి కాదని నాకు ఎవరూ చెప్పనక్కర్లేదు. బ్రేకు తొక్కి చూశాను, పడింది. పక్కకు ఆపే చోటు లేదు. తొక్కుతూ వదులుతూ, వదులుతూ తొక్కుతూ ఎలాగో కిందికి వచ్చాను. చప్టా దాటి చదును నేల మీదికి రాగానే లైటు దానంతటదే ఆరిపోయింది. వెనక్కి తిరిగి చూస్తే పాప నోరు తెరుచుకుని నిద్రపోతోంది.

ఆ రాత్రి అన్నం వడ్డిస్తూ మా ఆయనకు చెప్పాను.

"హ్యాండ్‌బ్రేక్ పూర్తిగ దించలే నువ్వు. గది జరంత లేసున్నా లైటు పడ్తది," అన్నాడు.

"దించానండీ."

"దించిన అనుకున్నవ్."

ఆయన చెప్పిందాంట్లో నిజం లేకపోలేదు. ఆ కార్లో హ్యాండ్‌బ్రేకు లేచి ఉన్నా అదే లైటు వెలుగుతుంది. బ్రేకు ఆయిల్ తగ్గినా అదే లైటు వెలుగుతుంది. రెండు జబ్బులకూ ఒకటే జ్వరం. కానీ ఆయన ఎలక్ట్రీషియన్. లైటు అనేది కనిపిస్తే చాలు, దాని వెనక ఉండేది వైరూ స్విచ్చూ తప్ప మరొకటి కాదని ఆయన నమ్మకం. ఆయన చేతిలో బాగుపడని లైటు ఆ ఊళ్లో లేదు కాబట్టి, ఆ నమ్మకాన్ని నేను కాదనలేకపోయాను.

వారం తిరక్కుండా లైటు చదును నేల మీద కూడా వెలగడం మొదలుపెట్టింది. ఆదివారం ఆయన కారు ముందేసుకుని కూర్చున్నాడు. రెండు సీట్ల మధ్య హ్యాండ్‌బ్రేకు గుంటలో టార్చి వేసి చూసి, గట్టిగా నవ్వి నన్ను పిలిచాడు. అప్పుడప్పుడూ మా ఇంటికి వచ్చిపోయే మా అత్తగారు కిందటి శ్రీరామనవమికి భద్రాచలం నుంచి తెచ్చిన తలంబ్రాల పొట్లం, బండికి మంచిదని సీట్ల మధ్య పెట్టింది. ఆ పొట్లం ఎప్పుడో చిరిగి, పసుపు బియ్యం గింజలు గుంటలోకి జారి, హ్యాండ్‌బ్రేకు పూర్తిగా కిందికి దిగకుండా అడ్డం పడ్డాయి. నా తలపిన్నుతో ఒక్కొక్క గింజనూ బయటికి తీశాడు. తీసిన గింజనల్లా నేను కళ్లకద్దుకుని గిన్నెలో వేశాను. ఆఖరి గింజ వచ్చాక లైటు ఆరిపోయింది.

"సూశినవా? రాముల వారు పట్టుకున్నడు నీ బండిని. ఊకె భయపడకు," అన్నాడు.

నేనూ నవ్వాను. అంత తేలిగ్గా ఊపిరి పీల్చుకుని వారం దాటింది. అప్పుడు మా దగ్గరికి వచ్చి ఉన్న అత్తగారు మాత్రం తలంబ్రాల మీద నింద వేసినందుకు రెండు రోజులు మాట్లాడలేదు.

సోమవారం సాయంత్రం గుట్ట దిగుతుంటే మళ్లీ వెలిగింది. చదునుకు రాగానే ఆరింది.

మా ఆయనకు చెప్తే ఇంకో గింజ మిగిలి ఉంటుందన్నాడు. హ్యాండ్‌బ్రేకు గుంటలో అరచెయ్యి పెట్టి తడిమాను, ఏమీ లేదు. మర్నాడు బళ్లో టీ తాగుతూ ఆలోచిస్తున్నాను. గింజ అడ్డం పడితే ఎక్కుడులోనూ చదునులోనూ కూడా వెలగాలి కదా, దిగుడులోనే ఎందుకు? చేతిలో పావు గ్లాసు టీ ఉంది. గ్లాసును ముందుకు వంచాను. టీ ముందుకు పోయింది, వెనక అడుగు బయటపడింది. నిండు గ్లాసైతే అంత వంపుకు అడుగు కనపడదు. అంటే డబ్బాలో ఆయిల్ తగ్గింది. బండి ముందుకు వంగినప్పుడు ఉన్న కాస్తా ఒక పక్కకు పోయి లైటు వెలుగుతోంది. టీ చల్లారిపోయింది, నేను తాగలేదు. నాకు తెలివి వచ్చినందుకు సంతోషం వేయలేదు. ఆయిల్ ఎక్కడికి పోతోంది అనే ప్రశ్న వచ్చి గుండెల మీద కూర్చుంది.

సాయంత్రం బానెట్ ఎత్తాను. బ్రేకు ఆయిల్ డబ్బా తెల్లటి ప్లాస్టిక్‌ది, లోపల ఎంత ఉందో మసగ్గా తెలుస్తుంది. ఉన్నమేరకు గుర్తు పెట్టడానికి చేతిలో ఏమీ లేక, నా నుదుటి మీది స్టిక్కర్ బొట్టు తీసి ఆయిల్ అంచు దగ్గర అంటించాను. మూడు రోజులకు చూస్తే ఆయిల్ ఆ బొట్టు కంటే కిందికి దిగి ఉంది. మా ఆయన్ను పిలుచుకొచ్చి చూపించాను. వంగి చూశాడు, నన్ను చూశాడు.

"ఆయిల్ దిగలే. నీ బొట్టే పైకి పాకింది," అన్నాడు.

ఆ మాటకు పాప కూడా నవ్వింది. అది తండ్రి ఏమన్నా నవ్వుతుంది. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. మెకానిక్‌కు చూపిస్తే తప్ప వంట చేయనని చెప్పాను.

మెకానిక్ దగ్గరికి వెళ్లే ముందు ఆయన ఏం చేశాడో చెప్పాలి. కారును తీసుకెళ్లి వాటర్ సర్వీసింగ్ చేయించాడు. డాక్టరు దగ్గరికి పోయేటప్పుడు తలస్నానం చేసి ఉతికిన బట్టలు కట్టుకుంటాం చూడండి, అలాగన్నమాట. దుమ్ముకొట్టుకున్న బండిని నలుగురిలో నిలబెట్టడం ఆయనకు నామోషీ. మామూలు ఆదివారాలు కూడా పొద్దున్నే లేచి, నాలుగు చక్రాలూ లోపలా బయటా పీచు పెట్టి రుద్ది కడిగేవాడు. తన అన్నం కంచం కూడా తీయని మనిషి ఆ చక్రాలకు చేసిన సేవ అంతా ఇంతా కాదు. నేనూ అది మంచి అలవాటనే అనుకున్నాను. గోధుమరంగు గీత ఒకటి చక్రం లోపలి వైపు నుంచి టైరు మీదికి కారి, ఎర్రమట్టి దుమ్ము దాని మీద అంటుకుని నల్లగా తడిగా కనపడి ఉండేదని, వారం వారం ఆయనే దాన్ని శుభ్రంగా కడిగేస్తున్నాడని, అప్పుడు మా ఇద్దరిలో ఎవరికీ తెలియదు.

మెకానిక్ కారు కింద పడుకుని టార్చి వేసి చూశాడు. బండి అంతా కడిగిన తడే. ఏ తడి ఎక్కడిదో బ్రహ్మకు కూడా తెలియదు.

"లీకేజీ ఏం కనవడ్తలేదక్కా. పాత బండికి గిదంత మామూలే. లైటు పడ్డప్పుడల్లా జర ఆయిల్ పొయ్యున్రి, గంతే," అన్నాడు.

"ఆయిల్ ఎటు పోతోంది మరి? ఆవిరైపోతోందా?" అన్నాను.

అతను మా ఆయన వైపు చూశాడు. మగవాళ్లు ఇద్దరూ ఒకరినొకరు చూసుకుని నవ్వుకునే నవ్వు ఒకటుంది, అది నవ్వారు. "అక్కకు గంత భయమైతే బల్బు తీసేస్తా తియ్," అన్నాడు మెకానిక్. వాడితో ఏమన్నానో ఇక్కడ రాయను. ఆయిల్ సీసా ఒకటి చేతికిచ్చి పంపాడు.

అప్పట్నుంచి అదొక పనైపోయింది. లైటు వెలగడం, ఆయిల్ పోయడం, ఆరడం, మళ్లీ వెలగడం. మొదట్లో పదిరోజులకోసారి, తర్వాత వారానికి, తర్వాత నాలుగు రోజులకు. నేను నిద్రలో కూడా ఆ ఎర్ర గుర్తును చూసేదాన్ని. దిగుడు మొదలయ్యే చోట ప్రతి సాయంత్రం కారు ఆపి, దిగి, బానెట్ ఎత్తి బొట్టు చూసి, బ్రేకు మూడుసార్లు తొక్కి, దేవుడికి దణ్ణం పెట్టి అప్పుడు కదిలేదాన్ని. ఒకసారి పాపను దింపి, చెయ్యి పట్టుకుని నడిపిస్తూ కిందికి తీసుకెళ్లి, బండ మీద కూర్చోబెట్టి, నేనొక్కదాన్నే పైకి వచ్చి కారు దింపాను. అది ఇంటికి వెళ్లగానే వాళ్ల నాన్నకు చెప్పేసింది. ఆయన పొట్ట పట్టుకుని నవ్వాడు. ఆ వారమంతా ఇంటికొచ్చిన వాళ్లందరికీ ఆ కథే.

"గంత భయమైతే బస్సుల పో. కారు అమ్మేద్దాం," అన్నాడు ఒకరోజు, నవ్వకుండానే.

ఆ మాట నాకు లైటు కంటే ఎక్కువ గుచ్చుకుంది. ఆ దారిలో కారు నడిపే ఆడమనిషిని నేనొక్కదాన్నే. ఊళ్లోకి వెళ్తే పిల్లలు వెంట పరిగెత్తేవాళ్లు. మా పుట్టిల్లు బోనకల్‌లో మా అమ్మ ఆ సంగతి బజారంతా చెప్పుకునేది. చేతకాక వదిలేసింది అనిపించుకోవడం నావల్ల కాలేదు. అందుకని ఒక పని చేశాను. ఈ మాట చెప్పుకోవాలంటే నాకు ఇప్పటికీ సిగ్గే. ఇంకో స్టిక్కర్ బొట్టు, పెద్దది, తీసి ఆ లైటు కనపడకుండా దాని మీద అంటించేశాను. పాపను వెనక పెట్టుకుని నాలుగు రోజులు అలాగే నడిపాను. నాలుగో రోజు దిగుడులో బ్రేకు పెడల్ మామూలు కంటే కిందికి దిగినట్టనిపించింది. అనిపించిందో నిజంగానే దిగిందో తెలియదు. బొట్టు గోటితో గీకి పారేశాను. కింద లైటు ఎర్రగా వెలుగుతూనే ఉంది.

ఆ రాత్రి ఏడ్చాను. నా ఏడుపు చూసి ఆయన కొంచెం మెత్తబడ్డాడు. "ఎల్లుండి నాకు ఆఫ్. నేనే నీతోటి వస్త, నేనే నడుపుత. నా కండ్లతోటి నేను సూస్త. మధ్యాహ్నం మెకానిక్ కాడ చక్రాలు ఊడదీపిచ్చి, సాయంత్రం మళ్ల వచ్చి నిన్ను తోల్కపోత. సరేనా?" అన్నాడు.

ఎల్లుండి వచ్చింది. ముందురోజు సాయంత్రమే ఆయన కారు కడిగి, డబ్బా నిండా ఆయిల్ పోశాడు. అందుకని దారంతా లైటు వెలగలేదు. వాగు దాటాం, గుట్ట ఎక్కాం, అవతలి వైపు దిగి బడికి చేరాం. "ఏదీ నీ లైటు? నన్ను సూశి భయపడ్డదా?" అన్నాడు. ఆయిల్ పోశాక ఒకటి రెండు రోజులు వెలగదని ఆయనకూ తెలుసు, కానీ ఆ క్షణంలో గెలిచింది ఆయనే.

బడి గోడ పక్కన వేప చెట్టు నీడలో కారు పెట్టి, హెడ్మాస్టరు గారితో గంటన్నర సేపు కబుర్లు చెప్పాడు. పదకొండు గంటలప్పుడు బయల్దేరబోతుంటే పాప నాన్నతో పోతానని పేచీ మొదలుపెట్టింది. క్లాసులో ముప్ఫై మంది పిల్లలు, దీని రాగం ఒకటి. నేను విసుక్కుని, దాని సంచీ తగిలించి, ముందు సీట్లో కూర్చోబెట్టి తలుపు వేశాను. నా చేత్తోనే వేశాను. అది కిటికీలోంచి చెయ్యి ఊపింది.

పది నిమిషాలు గడిచి ఉంటాయి. బళ్లో వంట చేసే ఆయా చీపురు పట్టుకుని తలుపు దగ్గరికి వచ్చింది. ఆ ఊరి కోయ మనిషి, పెద్దది, బడి వాకిలి అద్దంలా ఉంచేది.

"పంతులమ్మా, నీ బండి నా వాకిట్ల ఉచ్చ బోసిపోయింది. జిగటగున్నది, ఊడిస్తే పోతలేదు," అంది.

పిల్లలు పకపకా నవ్వారు. నేను లేచి వెళ్లాను. వేప చెట్టు కింద ఎర్రమట్టిలో మూడు చక్రాలు నిలబడిన చోట ఏమీ లేదు. నాలుగో చోట, వెనక ఎడమ చక్రం ఉన్న దగ్గర, అరచెయ్యంత మడుగు. ఇంట్లో కారు పెట్టేది నల్లటి బొగ్గుపొడి నేల మీద. అక్కడ చెరువు కారినా తెలియదు. ఇక్కడ ఆయా పొద్దున్నే ఊడ్చి నీళ్లు చల్లిన ఎర్రనేల మీద స్పష్టంగా ఉంది. వేలితో తీసి వాసన చూశాను. రెండు నెలలుగా సీసాలోంచి పోస్తున్న వాసనే. చక్రం లోపల బ్రేకును తోసే చిన్న గొట్టంలో రబ్బరు ఎప్పుడో అరిగి కొద్దికొద్దిగా కారుతోందట, ఆ రోజు పూర్తిగా చినిగిపోయిందట. అది మర్నాడు మెకానిక్ చెప్పిన మాట. ఆ క్షణంలో నాకు తెలిసింది ఒక్కటే. డబ్బాలో ఉండాల్సింది నేల మీద ఉంది, కారు గుట్ట వైపు పోయింది, అందులో పాప ఉంది.

పై ప్రాణాలు పైనే పోయాయి. మా ఆయన దగ్గర సెల్ ఫోన్ ఉంది గానీ పినపాక దాటాక అది బొమ్మే. బళ్లో ఫోన్ లేదు. హెడ్మాస్టరు గారి గదిలోకి ఎలా వెళ్లానో, ఏం చెప్పానో గుర్తు లేదు. ఆయన పాపం వెంటనే లేచారు. కానీ ఆయన స్కూటరు లేవలేదు. వంచి తన్నారు, నిలబెట్టి తన్నారు. "కంగారు పడకమ్మా, కంగారు పడకమ్మా," అంటూ ఆయనే కంగారు పడ్డారు. ఎనిమిదో తన్నుకో తొమ్మిదో తన్నుకో స్టార్టయింది.

ఎక్కుడులో ఇద్దర్ని మోయలేక స్కూటరు మూలుగుతోంది. దిగి పరిగెత్తితే ముందు చేరతాననిపించింది. దారి పొడుగునా మట్టిలో మా కారు చక్రాల గుర్తులు కనపడుతున్నాయి. వాటినే చూస్తూ కూర్చున్నాను. గుర్తు ఏ మలుపులోనైనా అంచు వైపు తిరుగుతుందేమోనని కళ్లు చించుకుని చూశాను. ఇప్పప్పూల కాలం కాదు, అడవిలో మనుషులు లేరు, ఎదురొచ్చినవాళ్లను అడుగుదామన్నా ఒక్కరూ రాలేదు. తలుపు నేనే వేశాను, నేనే వేశాను అని పైకే అంటున్నానట. హెడ్మాస్టరు గారు తర్వాత చెప్పారు.

గుట్ట నెత్తి మీద ఆయన స్కూటరు ఆపేశారు. వెనక మనిషిని పెట్టుకుని ఆ దిగుడు దిగలేనన్నారు. నేను దూకినట్టే దిగి కిందికి చూశాను. మలుపు అవతల కొమ్మల సందుల్లోంచి తెల్లగా కారు కప్పు కనపడింది. పక్కకు జరిగి చూస్తే మొత్తం తెలిసింది. నిలబడి ఉంది. చప్టా మీద కాదు, చప్టా పక్కన, ముందు చక్రాలు రెండూ వాగు నీళ్లలో. మా ఆయన ప్యాంటు మోకాళ్ల దాకా తడుపుకుని నీళ్లలో నిలబడి, దోసిలితో నీళ్లు ఎత్తుతున్నాడు. పాప ఇసుకలో కూర్చుని రాళ్లు ఏరుకుంటోంది.

కడుగుతున్నాడు! మెకానిక్ దగ్గరికి పోయే ముందు మళ్లీ కడుగుతున్నాడు.

నా కాళ్లలోకి ప్రాణం వచ్చింది, దాంతో పాటే కోపమూ వచ్చింది. ఆ దిగుడంతా పరిగెత్తుకుంటూ, చెప్పులు ఎక్కడ ఊడిపోయాయో కూడా చూసుకోకుండా దిగాను. దగ్గరికి పోకముందే అరవడం మొదలుపెట్టాను. "మీకు కడగడమే కావాలి! బండి ఉంటే ఎంత, పోతే ఎంత, మెరిస్తే చాలు! అక్కడ ఆయిలంతా నేలపాలైంది తెలుసా? పిల్లను పెట్టుకుని ఈ గుట్ట దిగారా? మీకు బుద్ధి ఉందా?" అన్నాను. ఇంకా చాలా అన్నాను. పెళ్లయ్యాక దాచుకున్నవన్నీ అన్నాను.

ఆయన నా వైపు చూసి నవ్వాడు. ఆ నవ్వు ఎప్పుడూ నవ్వేది కాదు, పెదాల దగ్గరే ఆగిపోయింది. "ఏం గాలే. ఊకె, కడుగుదామని దింపిన," అన్నాడు.

నేను పాపను ఎత్తుకుని ఒళ్లంతా తడిమాను. దెబ్బ ఏమీ లేదు. అది నా మెడ చుట్టూ చేతులు వేసి, గుడ్లు పెద్దవి చేసుకుని చెప్పింది.

"అమ్మా, నాన్న తొక్కిండు, తొక్కిండు, బండి ఆగలే. జోరుగ వచ్చినం. సీటు గట్టిగ పట్టుకో బిడ్డా అన్నడు. గటు తిప్పకుండ గిట్ల ఇసుకల్లకు తిప్పిండు. నీళ్లల్ల ఆగింది. నీకు చెప్పొద్దన్నడు."

"ఏయ్," అన్నాడు ఆయన.

"నాన్న ఏడ్చిండు," అంది పాప.

నేను ఆయన మొహం చూశాను. నీళ్లు కారుతున్నాయి. దోసిలితో ఎత్తిన నీళ్లు కారు మీద పోయడానికి కాదు, మొహం కడుక్కోవడానికి. కారు మీద ఒక్క చుక్క కూడా పడలేదు, దుమ్ము దుమ్ముగానే ఉంది. ఒక చెయ్యి బానెట్ మీద ఆనించి నిలబడ్డాడు. ఆ చెయ్యి తీస్తే పడిపోతాడని అప్పుడు అర్థమైంది. మోకాళ్లు రెండూ నీళ్లలో కొట్టుకుంటున్నాయి.

పాపను దింపి నీళ్లలోకి దిగాను. ఆయన చెయ్యి పట్టుకుని ఒడ్డుకు తీసుకొచ్చి ఇసుకలో కూర్చోబెట్టాను. రెండు నెలలుగా నేను చూసిన వణుకే అది, కాకపోతే ఈసారి నాది కాదు. కొంగుతో మొహం తుడిచాను. తుడిచిన కొద్దీ తడి వస్తూనే ఉంది. గుట్ట మీద నుంచి హెడ్మాస్టరు గారు, అంతా క్షేమమేనా అమ్మా అని కేకేస్తున్నారు. చెయ్యి ఎత్తి ఊపాను. పాప మళ్లీ రాళ్ల దగ్గరికి వెళ్లిపోయింది.

మలుపులో చప్టా వైపు తిప్పి ఉంటే ఆ వేగానికి అవతలి అంచు మీద నుంచి పడిపోయేవాళ్లం అని చెప్పాడు. దిగుడు మొదలయ్యాకే లైటు పడిందట, ఫస్టు గేరులో వేశాడట, హ్యాండ్‌బ్రేకు లాగాడట, అదీ సరిగ్గా పట్టలేదట. పెడల్ నేలకు తగిలాక కాలు దాని మీదే ఉండిపోయిందట, ఆగిన తర్వాత కూడా తీయలేకపోయాడట, పాపే తొడ మీద తట్టి నాన్నా దిగుదాం అందట. ఇవన్నీ ముక్కలు ముక్కలుగా చెప్పాడు.

"నువ్వు రోజూ గిట్లనే భయపడుకుంట వచ్చినవా ఈ దారిల?" అన్నాడు.

"అవ్," అన్నాను.

"పాపను పెట్టుకొని?"

"పాపను పెట్టుకునే."

ఆయన నా వైపు తిరిగాడు. "మరి గంత భయమున్నప్పుడు ఎందుకు నడిపినవే? ఒక్కరోజన్న నేను నడపనని తాళం నా మొహాన కొట్టకపోయినవ్?"

"మీరు నవ్వుతారని," అన్నాను.